భాగం-7: సంగీత నిర్మాణానికి కంప్యూటర్ సామర్థ్యాన్ని పెంచుకోవడం

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 ఉపోద్ఘాతం
7.2 బఫర్: కంప్యూటర్‌కు ఉండే గడువు
7.3 లోపం ఎక్కడుందో గుర్తించడం
7.4 ఖర్చు లేని మార్పులు
7.5 విడిభాగాల మార్పు
7.6 ఒక ఉదాహరణ
7.7 జాగ్రత్తలు
7.8 సారాంశం
7.9 మీ ప్రగతిని సరిచూసుకోండి: జవాబులు
7.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు
7.11 పదకోశం

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• బఫర్ పరిమాణానికీ, ధ్వని ఆలస్యానికీ ఉన్న సంబంధాన్ని లెక్కతో వివరించగలుగుతారు.
• పాట మధ్యలో వచ్చే చిటపట శబ్దానికి కారణం ప్రాసెసరా, మెమరీయా, డిస్కా, డ్రైవరా అన్నది పరీక్షించి చెప్పగలుగుతారు.
• డబ్బు ఖర్చు లేకుండా చేయదగిన మార్పులను అమలు చేయగలుగుతారు.
• ఏ విడిభాగాన్ని ముందు మార్చాలో, దేనిని మార్చనక్కరలేదో నిర్ణయించగలుగుతారు.

7.1 ఉపోద్ఘాతం

గత భాగంలో మైక్రోఫోన్, ఆడియో ఇంటర్‌ఫేస్‌ల గురించి చదివారు. ఆ రెండూ సమకూర్చుకుని, ఇంట్లో ఉన్న కంప్యూటర్ మీద పాట రికార్డు చేయడం మొదలుపెట్టినవారికి త్వరలోనే ఒక ఇబ్బంది ఎదురవుతుంది. నాలుగైదు ట్రాకులు ఉన్నంతసేపు అంతా బాగానే ఉంటుంది. పది ట్రాకులు దాటి, వాటి మీద రెండు మూడు ప్లగిన్లు వేసేసరికి చిటపట శబ్దాలు మొదలవుతాయి. ఒక్కోసారి పాట ఆగిపోతుంది. గాయని ఎంతో బాగా పాడిన చరణం మధ్యలో ఇలా జరిగితే, ఆ పాడడం మళ్లీ అలాగే రాకపోవచ్చు.

ఇలాంటప్పుడు చాలామంది చేసే పని, దుకాణానికి వెళ్లి 'కంప్యూటర్ స్లో అయింది, ఏం మార్చాలి?' అని అడగడం. దుకాణదారుకు మీరు చేసే పని స్వభావం తెలియదు. ఆటలకు, వీడియోలకు పనికివచ్చే సలహా ఆయన ఇవ్వవచ్చు. డబ్బు ఖర్చవుతుంది, చిటపట అలాగే ఉంటుంది. సంగీతం పని కంప్యూటర్ మీద వేసే భారం మిగతా పనుల భారం వంటిది కాదు. అందువల్ల ముందు కొలవాలి, తరువాతే కొనాలి. ఈ భాగం మొత్తానికి ఇదే మూలసూత్రం.

7.2 బఫర్: కంప్యూటర్‌కు ఉండే గడువు

ఒక పెద్ద ఫోటోను సవరించడానికి కంప్యూటర్ రెండు సెకన్లకు బదులు మూడు సెకన్లు తీసుకుంటే మీరు ఒక సెకను ఎక్కువ వేచి ఉంటారు, అంతే. ధ్వని విషయంలో ఆ వెసులుబాటు లేదు. సి.డి. నాణ్యతలో సెకనుకు 44,100 నమూనాలు స్పీకరుకు చేరుతూనే ఉండాలి. ఒక్కసారి ఆలస్యమైనా ఆ ఖాళీ మనకు 'టక్' మని వినిపిస్తుంది.

కంప్యూటర్ ఈ నమూనాలను ఒక్కొక్కటిగా కాక, కట్టలు కట్టలుగా తయారు చేస్తుంది. ఆ కట్ట పరిమాణమే బఫర్. దీనిని బంతి భోజనంతో పోల్చవచ్చు. విస్తరి ఖాళీ కాకముందే వడ్డించేవాడు వంటశాల నుంచి తిరిగి రావాలి. చిన్న గిన్నెతో వడ్డిస్తే పదేపదే పరుగెత్తాలి. పెద్ద బకెట్టుతో వస్తే పరుగులు తగ్గుతాయి. కాని బకెట్టు నిండేదాకా వంటశాల దగ్గర ఆగాలి. చిన్న బఫర్‌తో ప్రాసెసరుకు ఒత్తిడి ఎక్కువ, వినేవారికి ఆలస్యం తక్కువ. పెద్ద బఫర్‌తో ఒత్తిడి తక్కువ, ఆలస్యం ఎక్కువ.

లెక్క సులభం. బఫర్ పరిమాణాన్ని నమూనా రేటుతో భాగిస్తే గడువు వస్తుంది.

పట్టిక 7.1: బఫర్, గడువు (44,100 నమూనాల రేటు వద్ద)
64 నమూనాలు – 1.5 మిల్లీసెకన్లు
128 నమూనాలు – 2.9 మిల్లీసెకన్లు
256 నమూనాలు – 5.8 మిల్లీసెకన్లు
512 నమూనాలు – 11.6 మిల్లీసెకన్లు
1024 నమూనాలు – 23.2 మిల్లీసెకన్లు

బఫర్ 128 అంటే, అన్ని ట్రాకులకూ అన్ని ప్లగిన్లకూ సంబంధించిన లెక్కలను కంప్యూటర్ ప్రతి 2.9 మిల్లీసెకన్లకు ఒకసారి పూర్తి చేసి తీరాలన్న మాట.

గాయని తన గొంతును హెడ్‌ఫోన్‌లో కంప్యూటర్ ద్వారా వినాలంటే ధ్వని లోపలికి ఒక బఫర్, బయటికి ఒక బఫర్ దాటాలి. 128 వద్ద ఈ రెండూ కలిపి 5.8 మిల్లీసెకన్లు. ఇంటర్‌ఫేస్ లోపలి మార్పిడికి మరికొంత కలుస్తుంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక, 5.8 మిల్లీసెకన్లంటే రెండు మీటర్ల దూరంలో ఉన్న మృదంగాన్ని వినడంతో సమానం. ఇది ఎవరికీ ఇబ్బంది కాదు. 1024 వద్ద రానూపోనూ ఆలస్యం 46 మిల్లీసెకన్లు దాటుతుంది. అంటే దాదాపు 16 మీటర్ల దూరంలోని మృదంగాన్ని వింటూ పాడినట్లు. తాళం తప్పకుండా ఉండదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
నమూనా రేటు 48,000, బఫర్ 480 అయితే ఒక్కో బఫర్ గడువు ఎంత?

7.3 లోపం ఎక్కడుందో గుర్తించడం

7.3.1 ముందుగా ఒక ప్రశ్న

చిటపట వినిపించిన చోటును గుర్తు పెట్టుకుని, అదే భాగాన్ని మూడుసార్లు వినండి. ప్రతిసారీ సరిగ్గా అదే చోట వస్తే, ఆ శబ్దం రికార్డయిన ఫైలులోనే ఉంది. దానిని మళ్లీ పాడించడమో, ఆ ముక్కను సవరించడమో తప్ప వేరే దారి లేదు. ఒక్కోసారి ఒక్కోచోట వస్తే ఫైలు క్షేమంగా ఉంది. వినిపించడంలోనే కంప్యూటర్ తడబడుతోంది. ఈ తేడా తెలియక బాగున్న టేకును చెరిపేసేవారు ఉన్నారు. కాబట్టి పరీక్షించే వరకు దేనినీ చెరపకండి.

7.3.2 నాలుగు పరీక్షలు

మీ దగ్గరున్న పాటల్లో ఎక్కువ ట్రాకులు గలదాన్ని 'పరీక్ష పాట'గా పెట్టుకోండి. కింది పరీక్షలన్నీ దాని మీదే చేసి, ఫలితాలను ఒక కాగితం మీద రాయండి.

మొదటి పరీక్ష: బఫర్‌ను 128 నుంచి 1024కు పెంచండి. చిటపట పూర్తిగా పోతే ప్రాసెసరుకు గడువు చాలడం లేదని అర్థం. ఏ మార్పూ లేకపోతే కారణం వేరే చోట ఉంది.

రెండవ పరీక్ష: విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పాట నడుస్తుండగా మెమరీ, డిస్క్ వరుసలను చూడండి. మెమరీ దాదాపు నిండి, డిస్క్ కూడా 100 శాతం దగ్గర తచ్చాడుతుంటే ర్యామ్ చాలడం లేదు. ర్యామ్‌లో పట్టని సమాచారాన్ని కంప్యూటర్ డిస్క్ మీదికి పంపుతూ, మళ్లీ తెచ్చుకుంటూ ఉంటుంది. మెమరీలో ఖాళీ ఉండి డిస్క్ మాత్రమే 100 శాతంలో ఉంటే డిస్క్ వేగం చాలడం లేదు.

మూడవ పరీక్ష: మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోని పనితీరు మీటరును చూడండి. రీపర్, క్యూబేస్ వంటి వాటిలో ఇది ఉంటుంది. టాస్క్ మేనేజర్ ప్రాసెసర్ వాడకం 20 శాతమే అని చెబుతున్నా సాఫ్ట్‌వేర్ మీటరు ఎర్రబడవచ్చు. ఇందులో వైరుధ్యం లేదు. ఒక ట్రాకు మీద వరుసగా ఉన్న ప్లగిన్లు ఒకదాని తరువాత ఒకటి పనిచేయాలి. ఆ వరుసను సాధారణంగా ఒకే కోర్ మోస్తుంది. ఎనిమిది కోర్లలో ఒకటి పూర్తిగా అలసిపోయినా సగటు 12.5 శాతమే కనిపిస్తుంది.

నాలుగవ పరీక్ష: పైవేవీ కారణంగా తేలకపోతే వైఫై, బ్లూటూత్ ఆపి చూడండి. కొన్ని పరికరాల డ్రైవర్లు ప్రాసెసరును క్షణకాలం పట్టి ఉంచుతాయి. ఆ క్షణంలో ధ్వని తెగుతుంది. ఇటువంటి డ్రైవర్లను చూపించడానికి లేటెన్సీమాన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. కొత్త ప్రాసెసర్ కొన్నా ఈ లోపం పోదు.

ఇంకొక లక్షణం కూడా గమనించండి. మొదటి ఇరవై నిమిషాలు బాగా నడిచి, తరువాతే తడబాటు మొదలైతే వేడిని అనుమానించాలి. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మైకులోకి చప్పుడు వస్తుందని ఫ్యాను, ఏసీ ఆపి, తలుపులు మూసి రికార్డు చేసే గదుల్లో, అందులోనూ మన ఎండాకాలంలో, ఇది తరచుగా జరుగుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
బఫర్‌ను 1024కు పెంచినా చిటపట అలాగే ఉంది. మెమరీ సగమే నిండింది, డిస్క్ ఖాళీగానే ఉంది. వైఫై ఆపగానే పోయింది. కారణం ఏమిటి?

7.4 ఖర్చు లేని మార్పులు

విడిభాగాలు కొనకముందు ఈ మార్పులన్నీ చేసి, పరీక్ష పాటను మళ్లీ నడపండి.

(అ) సరైన డ్రైవర్: విండోస్‌లో ఆడియో ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన ఏసియో డ్రైవరునే వాడండి. స్టైన్‌బర్గ్ సంస్థ రూపొందించిన ఈ పద్ధతి, విండోస్ సాధారణ ధ్వని మార్గాన్ని తప్పించి సాఫ్ట్‌వేరును నేరుగా పరికరంతో కలుపుతుంది. మ్యాక్‌లో కోర్ ఆడియో ఈ పని చేస్తుంది కనుక సాధారణంగా వేరే ఏర్పాటు అక్కరలేదు.

(ఆ) రెండు దశలు, రెండు బఫర్లు: రికార్డు చేసేటప్పుడు 128 లేదా 256, మిక్స్ చేసేటప్పుడు 1024. మిక్సింగులో ఎవరూ పాడడం లేదు కాబట్టి ఆలస్యం వల్ల నష్టం లేదు.

(ఇ) డైరెక్ట్ మానిటరింగ్: ఇంటర్‌ఫేస్‌లో ఈ సదుపాయం ఉంటే గాయని గొంతు కంప్యూటర్ దాకా వెళ్లకుండానే హెడ్‌ఫోన్‌కు చేరుతుంది. అప్పుడు పెద్ద బఫర్‌తోనే రికార్డు చేయవచ్చు.

(ఈ) ఒకే రివర్బ్: ఎనిమిది గొంతుల మీద ఎనిమిది రివర్బ్ ప్లగిన్లు వేయనక్కరలేదు. ఒక ప్రత్యేక ట్రాకులో ఒకే రివర్బ్ ఉంచి, అన్ని గొంతులనూ దానికి పంపండి. భారం తగ్గుతుంది, అందరూ ఒకే మందిరంలో పాడినట్లు కూడా ఉంటుంది.

(ఉ) ఫ్రీజ్: పని పూర్తయిన ట్రాకును ఫ్రీజ్ చేస్తే సాఫ్ట్‌వేర్ దానిని మామూలు ఆడియో ఫైలుగా మార్చి ప్లగిన్లకు విశ్రాంతి ఇస్తుంది. అవసరమైతే తిరిగి విప్పుకోవచ్చు.

(ఊ) నమూనా రేటు: 96,000 వద్ద పనిచేస్తే 48,000తో పోల్చినప్పుడు లెక్కల భారమూ, ఫైళ్ల పరిమాణమూ రెట్టింపవుతాయి. ఇంటి స్టూడియోలో పాటల పనికి 44,100 లేదా 48,000 సరిపోతుంది.

(ఋ) మాస్టర్ ట్రాకు: లిమిటర్, లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్ వంటి ప్లగిన్లు ముందుకు చూసి పనిచేస్తాయి కనుక తమవంతు ఆలస్యాన్ని కలుపుతాయి. రికార్డింగ్ సమయంలో వాటిని ఆపి ఉంచండి.

(ౠ) ఇతర అలవాట్లు: ల్యాప్‌టాప్‌ను చార్జరుకు తగిలించి, పవర్ సెట్టింగులో అధిక పనితీరును ఎంచుకోండి. బ్రౌజరు, క్లౌడ్ నిల్వ, అప్‌డేట్లను ఆపండి. డిస్క్‌లో ఐదోవంతు ఖాళీగా ఉంచండి. ఫ్యాను జాలీల్లోని దుమ్మును ఆరు నెలలకొకసారి శుభ్రం చేయించండి.

7.5 విడిభాగాల మార్పు

7.5.1 నిల్వ

48,000 నమూనాల రేటు, 24 బిట్ల నాణ్యతతో ఒక మోనో ట్రాకు సెకనుకు 1,44,000 బైట్లు తీసుకుంటుంది. 24 ట్రాకులైతే సెకనుకు సుమారు 3.5 మెగాబైట్లు. పాత హార్డ్ డిస్క్ కూడా సెకనుకు దాదాపు 100 మెగాబైట్లు చదవగలదు. అలాంటప్పుడు ఎస్‌ఎస్‌డి ఎందుకు?

కారణం మొత్తం వేగంలో లేదు, వెదుకులాటలో ఉంది. వయొలిన్ బృందం వంటి శాంపిల్ వాద్యాల్లో ప్రతి స్వరమూ డిస్క్ మీద ఒక్కోచోట ఉంటుంది. ఐదు మీటలు నొక్కి, ఒక్కోదానికి మూడు మైకుల ధ్వనులు ఉంటే పదిహేను చోట్ల వెదకాలి. హార్డ్ డిస్క్ తిరిగే పళ్లెం మీద సూదిని ఒక చోట నుంచి మరో చోటికి జరపడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డిలో తిరిగే భాగాలు లేవు. అదే పని దాదాపు 0.1 మిల్లీసెకనులో అవుతుంది. హార్డ్ డిస్క్‌తో నడుస్తున్న పాత కంప్యూటరులో సాధారణంగా అన్నిటికంటే పెద్ద తేడా చూపేది ఈ మార్పే. సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం, పాట లోడ్ కావడం కూడా త్వరగా జరుగుతాయి.

సాటా రకం ఎస్‌ఎస్‌డి సెకనుకు సుమారు 550 మెగాబైట్లు చదువుతుంది. ఎన్‌వీఎంఈ రకం అంతకు ఎన్నో రెట్లు. అయితే ఇంటి స్టూడియో పనికి సాటా వేగం కూడా చాలినంత. ఎం.2 ఆకారంలో ఈ రెండు రకాలూ దొరుకుతాయి. మీ బోర్డు ఏ రకాన్ని అంగీకరిస్తుందో చూసి కొనండి. పాత హార్డ్ డిస్క్‌ను పారేయకండి. అది బ్యాకప్‌కు పనికివస్తుంది.

7.5.2 ర్యామ్

రెండవ పరీక్షలో మెమరీ నిండినట్లు తేలితేనే ర్యామ్ పెంచాలి. సగం ఖాళీగా ఉన్న గాదెకు పక్కనే మరో గాదె కట్టినా ధాన్యం పెరగదు. గొంతులు, కొన్ని వాద్యాలు ఉన్న పాటలకు 16 గిగాబైట్లు సౌకర్యంగా ఉంటాయి. పెద్ద ఆర్కెస్ట్రా శాంపిళ్లు వాడేవారికి 32 లేదా అంతకు మించి అవసరం.

డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని చోట మరొకటి అమరవు. ల్యాప్‌టాప్, డెస్క్‌టాప్ ర్యామ్‌ల ఆకారాలు కూడా వేరు. కొన్ని సన్నని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించి ఉంచుతారు. ఆపిల్ సొంత చిప్‌లున్న మ్యాక్‌లలో ర్యామ్‌ను తరువాత పెంచుకోలేరు; కొనేటప్పుడే నిర్ణయించుకోవాలి.

7.5.3 ప్రాసెసర్

మొదటి, మూడవ పరీక్షలు ప్రాసెసరునే చూపిస్తే, 7.4లోని మార్పులన్నీ చేసినా చాలకపోతే అప్పుడు దీని గురించి ఆలోచించండి. ల్యాప్‌టాప్‌లలో చాలావరకు ప్రాసెసర్ మార్చడం కుదరదు. డెస్క్‌టాప్‌లో కూడా కొత్త తరం ప్రాసెసరుకు మదర్‌బోర్డు, ర్యామ్ మార్చవలసి రావచ్చు. అందుకే ఇది వరుసలో చివరిది. ఎంచుకునేటప్పుడు కోర్ల సంఖ్య ఒక్కటే చూడకండి. ఒక్కో కోర్ వేగం ఎంతో కూడా చూడండి. కారణం 7.3.2లో చదివారు.

7.5.4 ఆడియో ఇంటర్‌ఫేస్

ఇంటర్‌ఫేస్ ప్రాసెసరుకు బలం ఇవ్వదు. కాని మంచి డ్రైవర్ ఉన్న ఇంటర్‌ఫేస్ చిన్న బఫర్ వద్ద నిలకడగా పనిచేస్తుంది. యు.ఎస్.బి. 2.0 వేగం చాలదేమోనన్న అనుమానం వద్దు. 48,000, 24 బిట్ల వద్ద ఎనిమిది మైకులకు సెకనుకు 9.2 మెగాబిట్లే కావాలి, యు.ఎస్.బి. 2.0 సామర్థ్యం 480 మెగాబిట్లు. ఇంటర్‌ఫేస్‌ను హబ్ ద్వారా కాక నేరుగా కంప్యూటరుకు తగిలించండి.

7.5.5 అవసరం లేనివి

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు, ప్లగిన్లు చాలావరకు తమ లెక్కలను ప్రాసెసర్ మీదే చేస్తాయి. వీడియో పని కూడా చేసేవారికి తప్ప ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు వల్ల ప్రయోజనం లేదు. పైగా దాని ఫ్యాన్ల చప్పుడు మైకులో పడుతుంది.

7.6 ఒక ఉదాహరణ

ఒక అభ్యాసకుడు జానపద గేయాలు రికార్డు చేస్తున్నాడనుకుందాం. అతని ల్యాప్‌టాప్‌లో నాలుగు కోర్ల ప్రాసెసర్, 8 గిగాబైట్ల ర్యామ్, హార్డ్ డిస్క్ ఉన్నాయి. రెండు గొంతులు, మూడు డప్పులు, హార్మోనియం బాగానే నడుస్తున్నాయి. వయొలిన్ బృందం శాంపిల్ వాద్యాన్ని చేర్చగానే పల్లవి దగ్గర చిటపట మొదలైంది. ల్యాప్‌టాప్ అమ్మి కొత్తది కొనాలని అతని ఆలోచన.

అతడు పరీక్షలు చేశాడు. బఫర్ 1024కు పెంచితే చిటపట కొంచెం తగ్గింది కాని పోలేదు. మెమరీ 95 శాతం, డిస్క్ 100 శాతం చూపాయి. వయొలిన్ వాద్యాన్ని పూర్తిగా తొలగిస్తే మెమరీ 60 శాతానికి దిగి, చిటపట ఆగిపోయింది. వైఫై ఆపినా, ఆపకపోయినా తేడా లేదు. అంటే లోపం ప్రాసెసరులో లేదు. ర్యామ్, డిస్క్‌లలో ఉంది.

అతడు ముందు ఎస్‌ఎస్‌డి అమర్చాడు. చిటపట చాలా తగ్గింది. ఖాళీగా ఉన్న రెండవ స్లాటులో మరో 8 గిగాబైట్ల ర్యామ్ పెట్టాడు. పూర్తిగా పోయింది. ఆ తరువాత ఏడు ట్రాకుల మీద ఏడు రివర్బులు వేసినప్పుడు మాత్రం సాఫ్ట్‌వేర్ మీటరు ఎర్రబడింది. వాటిని ఒకే రివర్బుగా మార్చగానే సర్దుకుంది. కొత్త ల్యాప్‌టాప్‌కు పెట్టవలసిన సొమ్ములో కొద్ది భాగంతోనే పని జరిగింది. మిగిలిన డబ్బుతో అతడు మంచి మైకు కొనుక్కోవచ్చు. ఆ తేడా పాటలో వినిపిస్తుంది.

7.7 జాగ్రత్తలు

1. కంప్యూటరును విప్పకముందు పాటలన్నిటినీ మరొక డిస్కులోకి కాపీ చేసి, అక్కడి నుంచి ఒక పాట తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ బ్యాకప్ కాదు.
2. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. రెండు కలిపి చేస్తే దేనివల్ల మేలు జరిగిందో తెలియదు.
3. ఒప్పుకున్న పని మధ్యలో ఉండగా కంప్యూటరును మార్చకండి. పాట అప్పగించిన తరువాతే మొదలుపెట్టండి.
4. పాత యంత్రం మీద డబ్బు పెట్టేముందు దాని ఆయుష్షు చూడండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసర్ అవసరం. మీ యంత్రం ఆ అర్హత పొందుతుందో లేదో, మీ ఇంటర్‌ఫేస్‌కు కొత్త విండోస్ డ్రైవర్ ఉందో లేదో ముందే తెలుసుకోండి.
5. విప్పేటప్పుడు విద్యుత్తు పూర్తిగా తొలగించి, లోహపు వస్తువును తాకి మీ ఒంటిలోని స్థిర విద్యుత్తును వదిలించుకోండి. వారంటీ ఉంటే దాని షరతులు చదవండి.
6. 'గుయ్' మనే హోరును చిటపటతో కలపకండి. చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపితే హోరు పోతే, అది కరెంటు, ఎర్తింగులకు సంబంధించిన సమస్య. ఏ ర్యామూ దాన్ని తగ్గించలేదు.

7.8 సారాంశం

ధ్వని పనిలో కంప్యూటర్ ప్రతి కొన్ని మిల్లీసెకన్లకు ఒక గడువును అందుకోవాలి. ఆ గడువును బఫర్ నిర్ణయిస్తుంది. గడువు తప్పడానికి ప్రాసెసర్, ర్యామ్, డిస్క్, డ్రైవర్, వేడి అనే ఐదింటిలో ఏదైనా కారణం కావచ్చు. పరీక్ష పాటతో కారణాన్ని తేల్చుకుని, ముందు ఖర్చు లేని మార్పులు చేయాలి. అప్పటికీ చాలకపోతే పరీక్ష చూపిన భాగాన్నే మార్చాలి. పాత కంప్యూటర్లలో సాధారణంగా ఎస్‌ఎస్‌డి, తరువాత ర్యామ్, చివరగా ప్రాసెసర్ అన్నది అనుకూలమైన వరుస.

7.9 మీ ప్రగతిని సరిచూసుకోండి: జవాబులు

1. 480ని 48,000తో భాగిస్తే 0.01 సెకను, అంటే 10 మిల్లీసెకన్లు.
2. వైఫై పరికరపు డ్రైవర్. దాని కొత్త డ్రైవరును వేసుకోవాలి, లేదా రికార్డింగ్ సమయంలో వైఫై ఆపి ఉంచాలి.

7.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. చిటపట శబ్దం ఫైలులో ఉందా, వినిపించడంలో ఉందా అన్నది ఎలా తెలుసుకుంటారు?
2. టాస్క్ మేనేజర్ తక్కువ వాడకం చూపుతున్నా సాఫ్ట్‌వేర్ మీటరు ఎందుకు ఎర్రబడుతుంది?

II. కింది ప్రశ్నకు 30 పంక్తులలో జవాబు రాయండి.
1. మీ ఇంట్లో లేదా పరిచయస్తుల వద్ద ఉన్న ఒక కంప్యూటరు మీద నాలుగు పరీక్షలూ జరిపి, ఫలితాలను పట్టికగా రాసి, ఏ మార్పు అవసరమో కారణాలతో వివరించండి.

7.11 పదకోశం

బఫర్: కంప్యూటర్ ఒకసారికి తయారు చేసే ధ్వని నమూనాల కట్ట.
నమూనా రేటు: ఒక సెకనులో ధ్వనిని ఎన్నిసార్లు కొలిచారో తెలిపే సంఖ్య.
ప్లగిన్: రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో అమర్చుకునే వాద్యం లేదా ధ్వని మార్పిడి సాధనం.
ఫ్రీజ్: ట్రాకును ప్లగిన్లతో సహా తాత్కాలికంగా ఆడియో ఫైలుగా మార్చడం.
డ్రైవర్: ఒక పరికరాన్ని ఆపరేటింగ్ వ్యవస్థతో కలిపే సాఫ్ట్‌వేర్.